కారుకు అగ్గువ సామాను ఎక్కడ చాలు, మంచి సామాను కోసం ఎక్కడ ఆగాలి

రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గరపడుతోందంటే వరంగల్, హనుమకొండల్లోని మెకానిక్ షెడ్లు కార్లతో నిండిపోతాయి. అలాంటి ఒక జాతరకు రెండు రోజుల ముందు, క్లచ్ జారుతున్న నా పాత చిన్న కారును నేను షెడ్డుకు తీసుకువెళ్లాను. పేరున్న కంపెనీ క్లచ్ సెట్టు 5,200 రూపాయలు, అదీ మరుసటి రోజుకు గానీ రాదు. ఎప్పుడూ వినని పేరున్న డబ్బాలోని సెట్టు 2,400 రూపాయలు, అది పక్క దుకాణంలోనే ఉంది. “కంపెనీది రేపొస్తది సార్, లోకల్‌ది ఇప్పుడే ఉన్నది, మీ ఇష్టం” అని మెకానిక్ ఉన్నదున్నట్టే చెప్పాడు. ఇష్టపడి తప్పు చేసింది నేనే.

మేడారం దారిలో పస్రా దాటిన తరువాత వాహనాల వరుసలో అర క్లచ్ మీద గంటల తరబడి కదులుతూ ఆగుతూ వెళ్లాము. తిరుగు ప్రయాణంలో ములుగుకు చేరకముందే కాలిన వాసన వచ్చింది. ఆపై ఇంజిన్ ఎంత అరిచినా బండి ముందుకు కదలలేదు. అలాంటి రద్దీలో మంచి ప్లేటు కూడా వేడెక్కుతుందని ఒప్పుకోవాలి. అయితే విప్పి చూసినప్పుడు ప్లేటు అరిగిపోయి లేదు, రివెట్లు లేచి దాని లైనింగ్ పెచ్చులుగా ఊడిపోయి ఉంది. మొదటిసారి సామానుకు 2,400, గేర్‌బాక్సు దించి ఎక్కించినందుకు 2,500, బండిని లాగించుకుని వచ్చినందుకు 3,500, మళ్లీ గేర్‌బాక్సు దించినందుకు 2,500, ఈసారి వేయించిన మంచి సెట్టుకు 5,200 కలిపి మొత్తం 16,100 రూపాయలు ఖర్చయింది. ఒక్క రోజు ఆగి ఉంటే 7,700తో పని ముగిసేది. 2,800 రూపాయలు మిగుల్చుకోబోయి 8,400 పోగొట్టుకున్నాను.

అప్పటినుంచి ప్రతి సామాను విషయంలోనూ నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులోని రూపాయల లెక్కలు చిన్న కారును దృష్టిలో పెట్టుకుని వేసినవి. మీ బండిని బట్టి, మీ ఊరి ధరలను బట్టి వాటిని మార్చుకోవాలి.

కొనే ముందు మూడు ప్రశ్నలు

దుకాణంలో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టినప్పుడు మన కళ్లు వాటి ధరల మీదికే పోతాయి. ఆ రెండు ధరల మధ్య తేడాను కాసేపు పక్కన పెట్టి, ఈ సామాను చెడిపోతే దానితో పాటు ఇంకేమి పోతుందో ముందుగా ఆలోచించాలి. ఇది నడిరోడ్డు మీద చెడిపోతే ప్రాణం మీదికి వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఇది చెడిపోతూ తనకన్నా ఖరీదైన మరో భాగాన్ని పాడుచేస్తుందా అన్నది రెండవది. దీన్ని విప్పి బిగించడానికి అయ్యే లేబర్ దీని ధరతో సమానంగానో అంతకన్నా ఎక్కువగానో ఉంటుందా అన్నది మూడవది. మూడింటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా, డబ్బు చేతిలో లేకపోతే ఆగి కూడబెట్టి మంచిదే కొనాలి. మూడింటికీ కాదని జవాబు వస్తే అగ్గువది కొనుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు, పైగా అలా మిగిలిన డబ్బు మిగతావాటికి పనికి వస్తుంది.

నా క్లచ్ మూడవ ప్రశ్న దగ్గరే తేలిపోయేది. గేర్‌బాక్సు దించాల్సిన పని ఏదైనా ఇంతే. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్పించాలి. ఎలాగూ గేర్‌బాక్సు కిందికి దిగింది కాబట్టి క్రాంక్ వెనుక ఉండే ఆయిల్ సీల్ కారుతోందేమో అప్పుడే చూడమని మెకానిక్‌ను అడగాలి. కొన్ని వందల రూపాయల ఆ సీల్‌ను వదిలేస్తే, ఆరు నెలలకు అది కారి కొత్త ప్లేటును నూనెతో తడిపి పాడుచేస్తుంది.

రాజీ పడకూడని చోట్లు

బ్రేకులతో మొదలుపెడతాను. మన వైపు రోడ్లు చాలావరకు చదునుగానే ఉన్నా బ్రేకులకు పని తక్కువేమీ కాదు. యాసంగి వడ్లు చేతికొచ్చే రోజుల్లో రోడ్డు సగం వడ్ల ఆరబోతకే పోతుంది. రాత్రిపూట వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ హఠాత్తుగా ఎదురుపడుతుంది. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు, కరీంనగర్ వైపు గ్రానైటు బండల లారీలు ముందు నడుస్తూ చెప్పకుండా ఆగుతాయి. ఈ పరిస్థితుల్లో తొంభై వేగం నుంచి ఒక్కసారిగా ఆపాల్సి వచ్చినప్పుడు బ్రేకు ప్యాడ్లు విపరీతంగా వేడెక్కుతాయి. నాసిరకం ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టి, వేడెక్కిన తరువాతే పట్టు వదిలేస్తాయి. షెడ్డు ముందు చిన్న చక్కరు కొట్టి చూస్తే ఆ లోపం బయటపడదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. వాటిలో కొన్ని డిస్కును కూడా గీరి గాడి పెడతాయి. అలా ప్యాడ్ల మీద మిగిలిన డబ్బు డిస్కుల మీద పోతుంది. ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరపడినప్పుడే మార్పించాలి, ఇనుము ఇనుముకు రాసుకునే చప్పుడు వచ్చేదాకా ఆగకూడదు. ఒక చక్రానికి మార్చి రెండో చక్రానికి వదిలేయడమూ తగదు, ఎప్పుడూ జతగానే మార్పించాలి.

ప్యాడ్ల గురించి శ్రద్ధ పెట్టేవారు కూడా బ్రేకు ఆయిల్‌ను మరిచిపోతుంటారు. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఎండాకాలంలో వరుసగా బ్రేకులు వేసినప్పుడు ఆ ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి దాన్ని పూర్తిగా మార్పించడానికి అయ్యే ఖర్చు ఒక సినిమాకు కుటుంబమంతా వెళ్లి వచ్చే ఖర్చును మించదు. మూత తీసి ఉన్న పాత డబ్బాలో మిగిలినదాన్ని పోయనివ్వకుండా, సీలు ఉన్న డబ్బాను మీ ఎదుటే తెరిపించుకోవాలి.

టైర్ల విషయంలో అగ్గువ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పేరు తెలియని కొత్త టైరు ఒకటి, దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న పేరున్న టైరు మరొకటి. ప్రయాణికుల కార్ల టైర్లకు మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది లేనిదాన్ని తాకనవసరం లేదు. పేరున్న టైరుకు పక్కగోడ మీద అచ్చు వేసిన నాలుగు అంకెలు చూడాలి. 2325 అని ఉంటే అది 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పాత సరుకైతే మరొకటి చూపమని నిర్మొహమాటంగా అడగాలి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే టైరు పని అయిపోయినట్టే, గాడుల మధ్య ఉండే చిన్న గట్లు ఆ హద్దును చూపిస్తాయి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజుల్లో, గాలి తక్కువగా ఉన్న అరిగిన టైరుతో వేగంగా వెళ్లడం పగలగొట్టుకోవడానికి వెళ్లడమే. నాలుగింటికీ డబ్బు లేకపోతే మంచివి రెండు కొని వెనుక చక్రాలకు వేయించాలి. కొత్తవి ముందుకే వేయాలని చాలామంది అనుకుంటారు కానీ, తడి రోడ్డు మీద వెనుక చక్రాలు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడం ముందు చక్రాలు జారినప్పటికన్నా చాలా కష్టం.

చక్రాలను పట్టి ఉంచి తిప్పే స్టీరింగ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్‌లు కూడా ఈ కోవలోవే. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. అంతకన్నా చెప్పనవసరం లేదు.

ఇక రెండవ ప్రశ్న కిందికి వచ్చేవి, అంటే చిన్నవిగా ఉండి పెద్దవాటిని తినేసేవి. మన ప్రాంతంలో వీటిలో మొదట చెప్పుకోవలసింది రేడియేటర్‌లో పోసే నీళ్ల గురించి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. టీ కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని గారే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. పచ్చరంగు వేసిన మామూలు నీళ్లను కూలెంట్ పేరుతో అమ్మేవారున్నారు. డబ్బా మీద తయారీదారు పేరు, ఏ ప్రమాణానికి సరిపోతుందో, నీళ్లతో ఎంత పాళ్లలో కలపాలో ఏదీ లేకుండా రంగు మాత్రమే కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయాలి. మంచి కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ మూత, గొట్టాలు కూడా మంచివే వేయించాలి. వాటిలో ఏది పోయినా ఇంజిన్ వేడెక్కి, దాని పైభాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోవచ్చు. అప్పుడు హెడ్ దించి, చదును చేయించి, మళ్లీ బిగించే ఖర్చులో ఈ సామాన్లన్నీ చాలాసార్లు కొనుక్కోవచ్చు.

ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మూడూ పిరమైనవేమీ కాకపోయినా చాలామంది సరిగ్గా వీటి దగ్గరే బేరమాడుతారు. బండి ఆపినప్పుడు నూనె వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచే రబ్బరు వాల్వు మంచి ఆయిల్ ఫిల్టర్‌లో ఉంటుంది. నాసిరకంలో అది గట్టిపడిపోవడమో అసలు లేకపోవడమో జరిగితే, ప్రతి ఉదయం స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో ఇంజిన్ నూనె లేకుండానే తిరుగుతుంది. అంచులు సరిగ్గా అతకని ఎయిర్ ఫిల్టర్ పక్కనుంచి గనుల వైపు బొగ్గు ధూళి, క్వారీల వైపు రాతిపొడి లోపలికి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తాయి. నేటి డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్లు 1,000 బార్‌కు (గాలి మామూలు ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లకు) పైబడిన ఒత్తిడి మీద పనిచేస్తాయి. కంటికి కనిపించని నలుసు, నాలుగు చుక్కల నీళ్లు కూడా వాటికి చేటే. ఒక్క ఇంజెక్టర్ ధరతో ఎన్నేళ్ల డీజిల్ ఫిల్టర్లు వస్తాయో దుకాణంలో అడిగి చూడండి.

పాత సాంత్రో వంటి కొన్ని కార్లలో, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు బెల్టును, దానితో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ను కూడా మార్పించాలి. బెల్టు కొత్తది వేసి పాత టెన్షనర్‌నే ఉంచితే సగం పని చేసినట్టే.

అగ్గువతో సరిపోయేవి

కాళ్ల కింద మ్యాట్లు, సీటు కవర్లు, చక్రాల మూతలు, మడ్ ఫ్లాపులు, తలుపుల పిడులు, లోపలి లైట్లు, హారన్, సైడు అద్దంలోని గాజు వంటివాటికి నేను పేరు చూడను. వైపర్ బ్లేడ్లు ఎంత మంచివైనా మన ఎండకు రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి, వానాకాలానికి ముందు మధ్యస్థ ధరలో కొని ప్రతి ఏడాదీ మార్చడమే మేలు. హెడ్‌లైట్ బల్బులు మాత్రం ఈ వరుసలోకి రావు. హెచ్4 బల్బు 60/55 వాట్లది ఉండాల్సిన చోట ఎక్కువ వెలుగు కోసం 100/90 వాట్ల అగ్గువ బల్బు పెడితే హోల్డరు కరిగి వైరింగ్ మాడిపోతుంది.

బండి వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. వచ్చే ఏడాదే బండిని వదిలేయాలని నిశ్చయించుకున్నవారు 80,000 కిలోమీటర్లు నడిచే షాక్ అబ్జార్బర్లు కొననవసరం లేదు. కానీ బ్రేకులకు, టైర్లకు ఈ మినహాయింపు లేదు. చివరి నెలలో కూడా బండిలో కూర్చునేది మనుషులే.

నాణ్యత తగ్గకుండా ధర తగ్గించుకోవడం

మంచి సామాను అంటే కారు కంపెనీ డబ్బాలోదే అనుకోవడం వల్ల చాలామంది అనవసరంగా ఎక్కువ చెల్లిస్తారు, లేదా అంత పెట్టలేక నేరుగా నాసిరకానికి దిగిపోతారు. మధ్యలో మరో దారి ఉంది. కారు కంపెనీ తన బండిలోని ప్రతి భాగాన్నీ తానే తయారుచేయదు. క్లచ్‌లకు వాలియో, లూక్, ఎక్సెడీ. షాక్ అబ్జార్బర్లకు గాబ్రియేల్. స్టీరింగ్ సామానుకు రానే. ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటార్లకు లూకాస్ టీవీఎస్. బేరింగులకు ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ, జైపూర్ నుంచి వచ్చే ఎన్‌బీసీ. స్పార్క్ ప్లగ్గులకు ఎన్‌జీకే, బాష్ వంటి కంపెనీలు ఉన్నాయి. ఇవి కారు కంపెనీలకు సరఫరా చేయడంతో పాటు తమ సొంత డబ్బాలో కూడా అమ్ముతాయి. పాత సామాను విప్పినప్పుడు దాని మీద చెక్కి ఉన్న పేరును, నంబరును ఫోనులో ఫొటో తీసుకుంటే మీ బండికి మొదట వచ్చింది ఎవరిదో తెలుస్తుంది. అదే తయారీదారు డబ్బాలో, మీ మోడల్‌కు, తయారీ సంవత్సరానికి సరిపోయే నంబరుతో ఉన్నదాన్ని అడగండి. ధర చెప్పుకోదగినంత తగ్గుతుంది, సామాను తగ్గదు.

స్థానికంగా దొరకని సామానును హైదరాబాద్ దుకాణం నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు, సాధారణంగా ఒకటి రెండు రోజులకు మించి పట్టదు. నేను ఆ జాతర ముందు ఆగలేకపోయిన ఒక్క రోజు ఇలాంటిదే.

స్క్రాపు నుంచి వచ్చే పాత సామానులో తలుపులు, బంపర్లు, వెనుక లైట్లు, వంగని ఇనుప రిమ్ములు, అద్దాలు నిశ్చింతగా కొనవచ్చు. ఎయిర్ బ్యాగులు, సీటు బెల్టులు, బ్రేకు సామాను, రబ్బరుతో చేసినవి ఏవైనా కొనకూడదు. 2023 జూలై వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లలో మునిగిన కార్ల వంటివాటి ఆల్టర్నేటర్లు, కంట్రోల్ యూనిట్లు, వైరింగ్ తుడిచి ఆరబెడితే చూడటానికి కొత్తవాటిలాగే ఉంటాయి, లోపల మాత్రం పచ్చని తుప్పు పట్టి ఉంటుంది. స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ పని మానేస్తే అగ్గువ కొత్తది కొనేకంటే అసలుదానికే బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు, బేరింగులు మార్పించుకోవడం మంచిది. ఈ పని చేతనైన ఎలక్ట్రీషియన్లు మన పట్టణాల్లో ఇంకా ఉన్నారు.

నకిలీని గుర్తించడం

పేరులేని సామాను కన్నా పేరును దొంగిలించిన సామాను ప్రమాదకరం, ఎందుకంటే మంచిదాని ధర తీసుకుని నాసిరకాన్ని అంటగడుతుంది. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర ఉండాలని చట్టం చెబుతోంది. ధర మీద మరో స్టిక్కరు అంటించి ఉన్నా, అక్షరాల అచ్చు మసకగా ఉన్నా, పేరులో ఒక అక్షరం తేడాగా ఉన్నా డబ్బా తెరవకముందే తిరిగి ఇచ్చేయండి. క్యూఆర్ కోడు ఉంటే స్కాన్ చేసి, అది కంపెనీ సొంత సైటుకే వెళుతోందా అని చూడండి. పాతదాన్ని ఒక చేతిలో, కొత్తదాన్ని మరో చేతిలో పట్టుకుని బరువు, రంధ్రాల దూరం, అంచుల నున్నదనం పోల్చండి. మంచి బేరింగు మీద నంబరు సన్నగా, స్పష్టంగా ఉంటుంది, నకిలీ మీద గోటితో గీరితే చెదిరే అచ్చు కనిపించవచ్చు. పేరున్న సామానును సగం ధరకు ఇస్తామంటే సంతోషించకండి, ఆ సగం ఎక్కడ తగ్గిందో మీకు తరువాత తెలుస్తుంది.

ఇంజిన్ ఆయిల్ ఖాళీ డబ్బాను షెడ్డులో వదిలి రాకుండా కత్తితో కోసి పడేయడం అలవాటు చేసుకోండి. మంచి డబ్బాలు మళ్లీ నింపబడి అమ్ముడుపోయేది అలాగే.

మెకానిక్‌కు దుకాణం నుంచి కమీషన్ అందడం రహస్యమేమీ కాదు, దాన్ని పట్టుకుని అతన్ని దొంగలా చూడటం న్యాయమూ కాదు. నేను మా మెకానిక్‌తో ముందే మాట్లాడుకున్నాను. “తమ్మీ, సామాను నేను తెచ్చుకుంట, నీకు అక్కడ వచ్చేది లేబర్ల కలిపి ఇస్త” అన్నప్పటినుంచి ఏ కంపెనీది వేయాలో అతనే నిజాయితీగా చెబుతున్నాడు. విప్పిన పాత సామానును మాత్రం ప్రతిసారీ అడిగి తెచ్చుకోవాలి.

డబ్బు కూడబెట్టే లెక్క

మంచి సామాను కొనలేకపోవడానికి కారణం చాలా ఇళ్లలో డబ్బు లేకపోవడం కన్నా, అవసరమైన రోజున ఆ డబ్బు చేతిలో లేకపోవడం. అరిగేవి ఎప్పుడు అరుగుతాయో దాదాపు ముందే తెలుసు కాబట్టి వాటిని కిలోమీటర్ల లెక్కలోకి మార్చుకోవచ్చు. నాలుగు టైర్లకు 18,000 రూపాయలు, అవి 45,000 కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే కిలోమీటరుకు 40 పైసలు. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు కలిపి 16,000, అవి 80,000 కిలోమీటర్లకు వస్తే 20 పైసలు. క్లచ్ లేబర్‌తో కలిపి 7,700, 70,000 కిలోమీటర్లకు 11 పైసలు. ముందు ప్యాడ్లకు 2,000, 30,000 కిలోమీటర్లకు దాదాపు 7 పైసలు. నాలుగేళ్లు పనిచేసే 5,000 రూపాయల బ్యాటరీకి, ఏడాదికి 12,000 కిలోమీటర్లు నడిపే బండిలో 10 పైసలకు కొంచెం పైన. అన్నీ కలిపితే 88 పైసలు, అనుకోనివాటికి కొంత చేర్చి రూపాయిగా పెట్టుకోవచ్చు. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి రూపాయిన్నర పెట్టుకోవడం క్షేమం. మామూలు సర్వీసింగు, పెట్రోలు, ఇన్సూరెన్సు ఈ లెక్కలో లేవు.

నెలనెలా కిలోమీటర్లు చూసి లెక్క కట్టే ఓపిక అందరికీ ఉండదు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండిలో 30 లీటర్ల పెట్రోలు పోయిస్తే 480 కిలోమీటర్లు వస్తాయి. కాబట్టి అంత పోయించిన ప్రతిసారీ, బంకు దగ్గరే, ఫోను చేతిలో ఉండగానే 500 రూపాయలు వేరే ఖాతాలోకి పంపితే సరిపోతుంది. ఇంటి ఖర్చుల ఖాతాలోనే ఉంచితే అది మిగలదు. జీతగాళ్లు నెలకు 1,000 రూపాయల చొప్పున ఏడాది ఆర్‌డీ కట్టుకోవచ్చు. రైతులకు నెలవారీ పద్ధతి పొసగదు. పత్తి డబ్బో, వానాకాలం వడ్ల డబ్బో వచ్చినప్పుడు 6,000, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మినప్పుడో యాసంగి డబ్బు వచ్చినప్పుడో మరో 6,000 పక్కన పెడితే ఏడాది లెక్క కుదురుతుంది. చిట్టీల మీద మన వైపు నమ్మకం ఎక్కువే గానీ, రిజిస్టరైన చిట్టీలో కూడా నిర్వాహకుడు 7 శాతం దాకా కమీషన్ తీసుకోవచ్చు, ముందుగా పాడుకుంటే అంతకన్నా ఎక్కువే పోతుంది. ఇంజిన్ పని వంటి పెద్ద ఖర్చుకైతే చిట్టీ సరే, టైర్లకూ క్లచ్‌కూ అక్కరలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి కారు సామాను, టైర్లు, బ్యాటరీల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. ఆ తేదీకి ముందు అచ్చయిన ధర ఉన్న పాత డబ్బాను చేతిలో పెడితే, పన్ను తగ్గిన మేరకు ధర తగ్గించమని అడగాలి.

డబ్బు చేరేలోపు

కూడబెట్టడం పూర్తికాకముందే సామాను పోతే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. బ్రేకులు, స్టీరింగ్, టైర్ల విషయంలో జవాబు ఒక్కటే: బండిని ఇంటి ముందు ఆపి, డబ్బు చేరేదాకా ఆర్టీసీ బస్సులో తిరగాలి. క్లచ్ జారడం మొదలైతే బరువు వేయకుండా, రద్దీలోకి పోకుండా, దూర ప్రయాణాలు మానుకుని కొన్ని వారాలు నెట్టుకురావచ్చు. షాక్ అబ్జార్బర్లు నాలుగూ ఒకేసారి కొనలేకపోతే ముందు జత ఒక నెల, వెనుక జత మరో నెల వేయించవచ్చు. బ్యాటరీ నీరసించినప్పుడు కొత్తది కొనేముందు టెర్మినళ్లు శుభ్రం చేయించి, ఆల్టర్నేటర్ చార్జింగ్ చూపించుకోండి. తప్పు అక్కడ ఉంటే కొత్త బ్యాటరీ కూడా త్వరలోనే పడిపోతుంది. మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి వారంటీ కార్డు చదివే కొనాలి. 36 నెలలని రాసి ఉన్నా, అందులో కొన్ని నెలలే ఉచితంగా కొత్తది ఇచ్చే గడువు, మిగిలిన నెలల్లో ధరలో కొంత తగ్గింపు మాత్రమే ఉండవచ్చు.

బిల్లు, నోటు పుస్తకం

బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తామని చెప్పే దుకాణంలో నేను కొనను. సామాను పేరు, నంబరు, తేదీ, దుకాణం జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు లేకపోతే వారంటీ అడిగే హక్కు మాటల్లోనే మిగిలిపోతుంది. సామాను లోపంతో పోయి దుకాణం పట్టించుకోకపోతే ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.

డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచి, ఏ సామాను ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎవరి డబ్బాలోది, ఎంతకు వేయించారో ఒక్కో వరుసలో రాయండి. బిల్లును ఫొటో తీసి పెట్టుకోండి, దుకాణాలు ఇచ్చే కాగితం మీద అచ్చు ఎండకు ఆరు నెలల్లోనే వెలిసిపోతుంది. నా పుస్తకంలో ఆ 2,400 రూపాయల క్లచ్ వరుస పక్కన కిలోమీటర్ల గడిలో 310 అని ఉంది. దాని కింద వరుసలోని సెట్టు 58,000 దాటి ఇంకా నడుస్తోంది.